సోటో వెళ్లిపోయాడు, ఇప్పుడు ఎవరి జెర్సీ కొనాలి?

ఎడిసన్ (కొత్త సభ్యుడు), జనవరి 4, 2025

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి వచ్చాం. మా వాడికి ఫిబ్రవరిలో తొమ్మిదేళ్లు నిండుతాయి. అక్టోబరంతా న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ మ్యాచ్‌లు చూసి సోటో వేసుకునే 22 నంబర్ జెర్సీ కావాలని పట్టుబట్టాడు. ఈలోగా ఆ సోటో కాస్తా అదే ఊరి ఇంకో టీమ్ మెట్స్‌కి వెళ్లిపోయాడు. ఇప్పుడున్న వాళ్లలో ఎవరిది కొంటే రెండు మూడేళ్లు పనికొస్తుంది? ఐపీఎల్‌లోలా ఇక్కడ ఆక్షన్ ఎప్పుడు? అది అయ్యాక కొనమంటారా?

పార్సిపనీ

తమ్ముడూ, ముందు ఆ ఆక్షన్ మాట మర్చిపో. బేస్‌బాల్‌లో ఆక్షన్ లేదు, రిటెన్షన్ లిస్టూ లేదు. ఉన్నదల్లా సర్వీస్ టైమ్. మేజర్ లీగ్ రోస్టర్‌లో (టీమ్ జాబితాలో) 172 రోజులుంటే ఒక ఏడాది కింద లెక్క. మొదటి మూడేళ్లు టీమ్ ఎంతిస్తే అంత, కనీస జీతం తప్పితే అడిగే హక్కు లేదు. మూడు నుంచి ఆరేళ్ల మధ్య ఆర్బిట్రేషన్: ఆటగాడు ఒక అంకె, టీమ్ ఒక అంకె చెప్తారు, ఈసారి దానికి గడువు జనవరి 9. కుదరకపోతే ప్యానెల్ ఆ రెండింట్లో ఏదో ఒకటే తేలుస్తుంది, మధ్యే మార్గం ఉండదు. ఆరేళ్లు నిండి కాంట్రాక్టు లేకపోతే ఫ్రీ ఏజెంట్. వరల్డ్ సిరీస్ అక్టోబర్ 30న అయిపోయింది కదా, ఆ తర్వాత ఐదు రోజులు పాత టీమ్ ఒక్కటే మాట్లాడాలి. నవంబర్ 4 సాయంత్రం ఐదు దాటాక ఎవరైనా సంతకం పెట్టించుకోవచ్చు.

కాబట్టి జెర్సీ కొనేముందు చూడాల్సింది హోమ్‌రన్లు కాదు, కాంట్రాక్టు ఏ ఏడాదితో అయిపోతుందన్నది. జడ్జ్ (99) 2031 దాకా ఉన్నాడు, 9 ఏళ్లకు 360 మిలియన్ డాలర్లు, పైగా తన ఒప్పుకోలు లేకుండా ట్రేడ్ చేయడానికి వీల్లేదు. వోల్పీ (11) 2028 సీజన్ అయ్యేదాకా టీమ్ చేతిలోనే. ఆస్టిన్ వెల్స్ (28) అంతకంటే ఎక్కువే. కానీ వీళ్లిద్దరికీ నో ట్రేడ్ లేదు, రేపు పొద్దున పంపించేసినా అడిగే దిక్కులేదు. జాజ్ చిషోమ్ (13) 2026 తర్వాత ఫ్రీ. కొత్తగా వచ్చిన డెవిన్ విలియమ్స్‌కి ఈ ఒక్క సీజనే. గోల్డ్‌ష్మిట్‌ది ఏడాది ఒప్పందం, పన్నెండున్నర మిలియన్. బెలింజర్‌కి 2026 ఉంది గానీ అది అతని ఇష్టం, బాగా ఆడితే ఉండడు. వీళ్ల ముగ్గురి పేర్లతో పిల్లాడికి ఏమీ కొనకు.

జెర్సీ సిటీ

పార్సిపనీ గారు ఎప్పట్లాగే అంతా చెప్పి అసలు సంగతి వదిలేశారు. సోటో ఎందుకు వెళ్లాడు? మెట్స్ 15 ఏళ్లకు 765 మిలియన్. యాంకీస్ 16 ఏళ్లకు 760 అన్నారు. ఐదు మిలియన్ల దగ్గర ఆగారని అందరూ అంటున్నారు, అది తప్పు లెక్క. ఏడాదికి చూడండి: అక్కడ 51, ఇక్కడ 47.5.

కొత్తగా వచ్చినాయనకి మన భాషలో చెప్తా. సన్‌రైజర్స్ 2024 ఫైనల్లో 113కి ఆలౌటయ్యారు. తర్వాత ఏం చేశారు? 120 కోట్ల పర్సులో 75 కోట్లు ఐదుగురికే పెట్టారు: క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, హెడ్‌కీ అభిషేక్‌కీ చెరో 14, నితీశ్‌కి 6. మిగిలిన 45 కోట్లతో జెడ్డా ఆక్షన్‌లో మిగతా టీమంతా కట్టాలి. అందుకే భువనేశ్వర్ 10.75 కోట్లకు బెంగళూరు పోయాడు. పర్సు దాటే వీల్లేదు. ఇక్కడ దాటొచ్చు, దాటితే పన్ను. 2025కి టీమ్ మొత్తం జీతాల గీత 241 మిలియన్. యాంకీస్ వరసగా దాటుతూనే ఉన్నారు గనక మొదటి గీత మీదే 50 శాతం, 301 దాటిన ప్రతి డాలరు మీద 110 శాతం. అంటే పై గీత మీద ఒకడికి 47.5 ఇస్తే జేబులోంచి పోయేది దాదాపు 100. ఒక్కడికి! యాంకీస్ జనరల్ మేనేజర్ క్యాష్‌మన్ చేసిందే సరైన పని.

పార్సిపనీ

జెర్సీ సిటీ గారూ, ఆ పన్ను కొత్తగా తెచ్చిన పిచర్ మాక్స్ ఫ్రీడ్‌కి పడదా? ఫ్రీడ్ 8 ఏళ్లకు 218, అంటే ఏడాదికి 27.25. గోల్డ్‌ష్మిట్ 12.5. బెలింజర్‌కి ఈ ఏడు 27.5, అతని పాత టీమ్ కబ్స్ ఇచ్చే రెండున్నర పోతే 25. మొత్తం 65కి కాస్త తక్కువ. సోటో మీద ఆదా చేశామన్నది ఎక్కడండీ?

జెర్సీ సిటీ

65కి ముగ్గురొచ్చారు. సోటో ఒక్కడు. డబ్బు తప్ప ఫ్రీడ్‌కి ఇంకేం పోలేదు.

పార్సిపనీ

పోయింది. ఫ్రీడ్‌కి పాత టీమ్ అట్లాంటా క్వాలిఫైయింగ్ ఆఫర్ (ఇంకో ఏడాది ఉండమని ఖరారు జీతం) ఇచ్చింది, అతను కాదన్నాడు. అలాంటివాణ్ని పన్ను కట్టే టీమ్ తీసుకుంటే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో, ఐదో పిక్‌లు పోతాయి, విదేశీ కుర్రాళ్ల బోనస్ ఖాతాలో ఒక మిలియన్ కోత. సోటో కూడా 21.05 మిలియన్ ఆఫర్ కాదని వెళ్లాడు కదా, దానికి మనకొచ్చేది నాలుగో రౌండ్ అయ్యాక ఒకే ఒక పిక్. పన్ను కట్టేవాళ్లకి అంతే.

పిస్కాటవే

డబ్బు గొడవ సరే. వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్ చేతిలో ఓడిపోయింది డబ్బు వల్లనా? ఐదో మ్యాచ్, ఐదో ఇన్నింగ్స్ మళ్లీ చూడండి. 5-0 మీద ఉన్నాం. వాళ్ల ఎడ్మన్ కొట్టిన తేలికైన బంతి సెంటర్‌లో జడ్జ్ గ్లవ్‌లో పడి జారింది. తర్వాత వోల్పీ మూడో బేస్‌కి విసిరింది నేలకు తగిలింది. బేసులు నిండాయి. మన పిచర్ కోల్ ఇద్దర్ని, అందులో ఒహ్తానీని కూడా, స్ట్రయికౌట్ చేశాడు. ఆ తర్వాత బెట్స్ ఫస్ట్ బేస్ వైపు నెమ్మదిగా దొర్లించాడు. ఫస్ట్ బేస్ కాసే రిజ్జో ముందుకొచ్చి బంతి పట్టాడు, ఆ బేస్ దగ్గర మనవాళ్లెవరూ లేరు. పిచర్ పరుగెత్తాలి, కోల్ ఆగి వేలు చూపించాడు. అక్కడ అవుటై ఉంటే సున్నాతో ఇన్నింగ్స్ అయిపోయేది. బదులు ఐదు పరుగులొచ్చాయి, ఒక్కటీ ఎర్న్‌డ్ కాదు, అన్నీ ఫీల్డింగ్ తప్పుల లెక్కలోనే. చివరికి 7-6.

చలికాలం చేసిన మార్పులన్నీ ఈ పదిహేను నిమిషాలకు జవాబులే. రిజ్జోని ఇంకో ఏడాది ఉంచుకునే ఆప్షన్ 17 మిలియన్, అది వద్దని 6 మిలియన్ బయౌట్ కట్టి పంపారు, ఆ చోట గోల్డ్‌ష్మిట్, నాలుగు గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డులు). బెలింజర్ సెంటర్‌కి, దాంతో జడ్జ్ తన పాత రైట్ ఫీల్డ్‌కి. సెకండ్ బేస్ గ్లేబర్ టోరెస్ డెట్రాయిట్ వెళ్లాడు, ఆ చోటుకి జాజ్. మరి థర్డ్ బేస్? లెమాహ్యూ వయసు చూస్తే భయమేస్తుంది. కబ్రేరా, పెరాజా ఉన్నారు. ఈ లోటు పూడలేదు, ఎవరూ దాని గురించి మాట్లాడరు.

ఇంకో మాట, 45 నంబర్ కోల్‌ది కొనొచ్చు. నవంబర్ 2న ఆప్ట్ ఔట్ చేశాడు, అంటే కాంట్రాక్టు మధ్యలో వదులుకునే హక్కు వాడుకున్నాడు. టీమ్ 2029కి ఒక ఏడాది, 36 మిలియన్ కలిపితే అది రద్దయిపోయేది. కలపలేదు. అయినా 4న పాత కాంట్రాక్టులోనే ఉండిపోయాడు, నాలుగేళ్లు, 144 మిలియన్. 2028 దాకా ఢోకా లేదు.

ఫ్రిస్కో

న్యూజెర్సీ వాళ్ల గొడవలో టెక్సస్ నుంచి దూరుతున్నా. బాబూ, వార్త రాగానే జెర్సీ కొనే అలవాటు మాత్రం చేసుకోకు. ఇక్కడ "ఒప్పుకున్నాడు" అంటే సంతకం కాదు. మొదట మొత్తం, ఏళ్లు ఖరారవుతాయి, విలేఖరులు రాసేస్తారు. తర్వాత మెడికల్. అది పాసయ్యాక 40 మంది రోస్టర్‌లో ఖాళీ ఉండాలి. లేకపోతే ఒకణ్ని డిజిగ్నేట్ చేయాలి, అంటే 40లోంచి తీసేయాలి, వాణ్ని ఏడు రోజుల్లో ట్రేడ్ చేయడమో, వెయివర్స్‌లో (మిగతా టీమ్‌లు తీసుకునేలా) పెట్టడమో, వదిలేయడమో జరగాలి. సీజన్‌లో అయితే గాయపడ్డవాణ్ని 60 రోజుల ఇంజర్డ్ లిస్టులో పెట్టి చోటు చేసుకోవచ్చు, చలికాలంలో ఆ లిస్టు ఉండదు, అందరూ 40లో ఎక్కాల్సిందే. అందుకే వార్తకీ ప్రకటనకీ మధ్య ఒక్కోసారి వారం, పది రోజులు పడుతుంది.

కార్లోస్ కొరియా అనే ఆటగాడి సంగతి తెలుసుకుంటే అర్థమవుతుంది. 2022 డిసెంబర్ రెండో వారంలో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో 13 ఏళ్లకు 350 మిలియన్ అని వార్త. 20న పరిచయ సమావేశం పెట్టారు. ఇంకొన్ని గంటల్లో మొదలవుతుందనగా వాయిదా. మెడికల్‌లో ఏదో తేడా. ఎప్పుడో 2014లో మైనర్ లీగ్‌లో ఉండగా కుడి కాలికి జరిగిన ఆపరేషన్ సంగతి బయటికొచ్చింది. ఆ దెబ్బ వల్ల అప్పటిదాకా మేజర్ లీగ్‌లో ఒక్క రోజూ ఇంజర్డ్ లిస్టుకెక్కలేదు, అయినా డాక్టర్లు చూసేది కాంట్రాక్టు పదమూడో ఏట ఆ కాలు ఎలా ఉంటుందని. తెల్లారేసరికి మెట్స్‌తో 12 ఏళ్లకు 315 అని ఇంకో వార్త. మెట్స్ ఓనర్ బాహాటంగా మాట్లాడేశాడు కూడా. వాళ్ల డాక్టర్లకూ అదే కాలు, అదే అనుమానం. మూడు వారాలు నానింది. చివరికి జనవరిలో పాత టీమ్ మిన్నెసోటాతోనే, 6 ఏళ్లకు 200. 350 కాస్తా 200 అయింది, కాల్లో వేసిన ఒక ప్లేటు వల్ల. అప్పుడు జెయింట్స్ జెర్సీకి పేరు ఆర్డరిచ్చినవాళ్లని తల్చుకో.

జెర్సీ సిటీ

ఫ్రిస్కో గారూ, ఇక్కడ ఫ్రీడ్, బెలింజర్, విలియమ్స్, అందరివీ ప్రకటించేశారు. ఆ భయం లేదు. విలియమ్స్‌కి మాత్రం గడ్డం గీయించుకునే గండం ఉంది, యాంకీస్‌లో ఇప్పటిదాకా మీసం తప్ప గడ్డం ఒప్పుకోలేదు. అతని కోసం నెస్టర్ కోర్టెస్‌నీ డర్బిన్ అనే కుర్రాణ్నీ ఇచ్చేశారు, అదీ ఒక్క సీజన్‌కి. మన పిచర్ క్లే హోమ్స్ కూడా మెట్స్‌కే, 3 ఏళ్లకు 38 మిలియన్, స్టార్టర్‌గా. అది మాట్లాడరేం?

ఎడిసన్ (కొత్త సభ్యుడు)

చాలా థాంక్సండీ. అయితే 99 కొనేస్తాను. వెనక "జడ్జ్" అని పేరు వేయిస్తే ఎంత అవుతుంది?

పిస్కాటవే

వేయించొద్దు! యాంకీస్ మైదానంలో వేసుకునే జెర్సీ మీద పేరు ఉండదు, హోమ్ మీదా అవే మీదా నంబరు ఒక్కటే. షాపుల్లో పేరుతో అమ్మేవి ఉంటాయి గానీ స్టేడియంలో పాత అభిమానులు చూడగానే కనిపెట్టేస్తారు. పైగా పేరు వేయించినదాన్ని చాలాచోట్ల వెనక్కి తీసుకోరు. పేరు లేకపోతే ఇంకో లాభం, అదే నంబరు రేపు ఇంకొకడికి ఇచ్చినా జెర్సీ చెల్లుతుంది. ఒక సైజు పెద్దది తీసుకో, మార్చి 27న బ్రూవర్స్‌తో మొదటి మ్యాచ్‌కి లోపల స్వెటర్ పట్టాలి.

ఎడిసన్ (కొత్త సభ్యుడు)

ఇదంతా మా వాడికి చదివి వినిపించాను. కాంట్రాక్టు చూసి కొనాలంటే మెట్స్ 22నే కొనాలి కదా, 2039 దాకా ఉంది అంటున్నాడు.

పార్సిపనీ

2029 తర్వాత ఆప్ట్ ఔట్ ఉందని చెప్పు.

జెర్సీ సిటీ

మెట్స్ ఏడాదికి నాలుగు మిలియన్ పెంచితే అది రద్దవుతుంది. పిల్లాడి లెక్కే సరైంది.

పార్సిపనీ

మీరు ఆ పిల్లాణ్ని చెడగొట్టకండి.