గేజ్ అంటే అసలేంది? మోటార్ తీగకు, మల్చింగ్ షీటుకు, రైలు పట్టాలకు ఒకటే మాటనా?

ప్రశ్న (హన్మకొండ): వైండింగ్ షాపుల 22 గేజ్ కంటే 19 లావు అంటున్నరు. చేన్ల మట్టి మీద పరిచే మల్చింగ్ ప్లాస్టిక్ షీటుకేమో నంబర్ పెరిగితే మందం అంటున్నరు. ఏది నిజం?

జవాబు 1: రెండూ నిజమే అన్నా. గేజ్ అంటే మూలంల కొలత, కొలిచే సాధనం. తీగను అచ్చు రంధ్రాలల్ల నుంచి గుంజుకుంట సన్నం చేస్తరు. ఎక్కువసార్లు గుంజితే నంబర్ పెద్దది, తీగ సన్నం. ఎస్‌డబ్ల్యూజీ (తీగల మందానికి బ్రిటిష్ ప్రమాణం) లెక్కల 19 అంటే 1.016 మి.మీ., 22 అంటే 0.711 మి.మీ. మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టేముందు కొసకున్న ఎనామిల్ (కరెంటు తగలకుంట తీగకు వేసే పూత) గీకాలె, లేకపోతే లావు చూపిస్తది. 22 బదులు 24 చుట్టిస్తే మాత్రం నిరోధం పెరిగి కాయిల్ వేడెక్కి కాలుతది.

జవాబు 2: 19 దొరకకపోతే 22 తీగలు రెండు జంటగ చుట్టొచ్చు. అడ్డుకోత వైశాల్యం 0.81 చదరపు మి.మీ.కు బదులు 0.79 వస్తది. చుట్ల సంఖ్య మార్చొద్దు.

జవాబు 3: షీటుకు 100 గేజ్ అంటే సుమారు 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.ల వెయ్యో వంతు), 120 అంటే 30. మిర్చి పంటకు షీటు కొనేటప్పుడు బిల్లు మీద మైక్రాన్లు రాయించుకోండ్రి. కాజీపేట పట్టాల గేజ్ మందం కాదు, రెండు పట్టాల లోపలి అంచుల నడుమ దూరం, 1676 మి.మీ.

జవాబు 1: ప్రెషర్ గేజ్ ఒకటి మిగిలింది. అది బయటి గాలి ఒత్తిడిని సున్నాగ పట్టుకొని, ఆపైన ఉన్నదే చూపిస్తది.