భావాల పటం: పేర్లతో గీయాలా, అక్షాలతో గీయాలా?

మడికొండ మబ్బు:
వరంగల్, జనగామ, ములుగు పల్లెల్లో మనుషుల మనసు ఎట్లుందో అడిగే ప్రశ్నావళి తెలుగులో తయారు చేయాలంటే ఏ నమూనా పట్టుకోవాలి? రెండు దారులున్నాయి. ఒకటి మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఎక్‌మన్ దారి: కోపం, భయం, దుఃఖం, సంతోషం, ఏవగింపు, ఆశ్చర్యం అనే ఆరు పేర్లు ఇచ్చి ఏది ఎంత అని అడగడం. రెండోది ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రస్సెల్ 1980లో 28 మాటలతో గీసిన వలయం. అందులో రెండు గీతలు, అవే అక్షాలు: అడ్డగీత సుఖం, అసుఖం, నిలువుగీత ఉత్తేజం, అంటే ఒళ్లు ఎంత రేగిందో. ప్రతి భావం ఆ రెండు గీతల నడుమ ఒక చుక్క. నా ఓటు వలయానికే. పేర్ల జాబితా పెడితే ఇంగ్లీషు మాటకు తర్జుమా దొరికినవే మిగులుతాయి. రంది (మనసును తినే దిగులు), యాష్ట (విసుగు), బుగులు (భయం), పావురం (ప్రేమ) బయటే ఉండిపోతాయి. గీతలైతే ఏ మాటకైనా చోటు దొరుకుతుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

వడ్డేపల్లి గట్టు:
కారణం మీరు చెప్పిన మాటల్లోనే ఉన్నది అన్నా. బుగులును, కోపాన్ని ఆ వలయంల పెట్టి చూడండి. రెండూ అసుఖమే, రెండింటికీ గుండె దడదడ కొట్టుకుంటది. రెండు చుక్కలూ ఎడమ పైమూలకే పోతయి. కాని బుగులైన మనిషి తలుపు గొళ్లెం పెట్టుకుంటది, కోపమొచ్చిన మనిషి తలుపు తన్నుకుంట బయటికొస్తది. ఈ తేడా పట్టని పటంతోని పల్లెలో ఏం పని జరుగుతది?

2007లో ఫోంటేన్, షెరర్, వాళ్ల తోటివాళ్లు ఇంగ్లీషు, ఫ్రెంచి, డచ్చి భాషల్లో 24 భావాల మాటలు తీసుకున్నరు. ఒక్కో మాటకు 144 లక్షణాలు అడిగిన్రు: ఒంట్లో ఏమైతది, ముఖం ఎట్ల మారుతది, ఏం చేయబుద్ధయితది, జరిగినదాన్ని మనిషి ఎట్ల లెక్కగడతడు. తేలినవి నాలుగు అక్షాలు: సుఖం, పట్టు, ఉత్తేజం, అనుకోనితనం. పట్టు అంటే పరిస్థితి మన చేతిల ఉన్నదా లేదా అని. కోపంల పట్టు ఉంటది, బుగులుల ఉండదు. అనుకోనితనమైతే ఆశ్చర్యాన్ని తక్కినవాటి నుంచి విడదీస్తది. రస్సెల్ కూడా 1974లో మెహ్రాబియన్‌తో కలిసి మూడు అక్షాలే పెట్టిండు, మూడోది ఈ పట్టు లాంటిదే. తర్వాత దాన్ని వదిలేసిండు. మనం వదిలేయొద్దు.

మడికొండ మబ్బు:
వలయం మీద ఈ నింద న్యాయం కాదు. రస్సెల్ గానీ, ఆయన దారిలోనే నడిచిన మనస్తత్వ శాస్త్రవేత్త లీసా ఫెల్డ్‌మన్ బ్యారెట్ గానీ చెప్పేది వలయం భావాలన్నిటి పటమని కాదు. భావం పుట్టడానికి ముందున్న ముడిసరుకు పటమని. ఒంటికి హాయిగా ఉందా లేదా, ఒళ్లు రేగిందా సద్దుమణిగిందా, ఇంతవరకే అది చెప్తుంది. దాన్ని కోపం అనాలా బుగులు అనాలా అన్నది ఆ మనిషి నేర్చుకున్న మాటలు, ఎదుట ఉన్న సందర్భం కలిసి తేలుస్తాయి. రెండు చుక్కలు ఒకచోట పడితే అది తప్పు కాదు.

కాజీపేట సిగ్నల్:
ముడిసరుకు ఒక్కటే కావాలంటే ఆ మాట ఒప్పుకుంటా. ప్రశ్నావళి దానికోసం కాదు గదా, పేరు కోసం. ఎక్‌మన్‌ను ఆరు పేర్ల దగ్గరే ఆపేయడం కూడా సరికాదు. 1960ల చివర్లో ఆయన పాపువా న్యూగినీలోని ఫోరే తెగ మనుషులకు ఒక చిన్న కథ చెప్పి, కొన్ని ఫొటోల్లో ఏది సరిపోతుందో చూపించమన్నాడు. ఫొటోలు, పేర్లు ముందే మనం ఇచ్చి వాటిలోంచే ఏరుకొమ్మంటే ఒప్పుదల ఎక్కువగా కనిపిస్తుందని 1994లో రస్సెల్ గట్టిగా చెప్పాడు. ఆ విమర్శ నిలబడుతుంది. కానీ 2017లో కోవెన్, కెల్ట్నర్ 2,185 చిన్న వీడియోలు చూపించి, చూసినవాళ్ల మాటలను అక్షాలకు, పేర్లకు రెండింటికీ సరిపోల్చారు. వాళ్ల లెక్కలో పేర్లే ఎక్కువ వివరించాయి. ఆరు కాదు, 27 రకాలు. వాటి నడుమ గోడలు లేవు, ఒక రంగు ఇంకో రంగులోకి జారినట్టు ఉంటాయి.

భద్రకాళి గట్టున:
పేర్లే కావాలంటే మనకు నాట్యశాస్త్రం ఉంది సార్. స్థాయీభావాలు (నిలిచి ఉండేవి) 8, వ్యభిచారీభావాలు (వచ్చి పోయేవి) 33, సాత్త్వికాలు (చెమట, వణుకు లాగా ఒంటి మీద కనబడేవి) 8, మొత్తం 49. 2000లో హేజ్మాడీ, డేవిడ్సన్, రోజిన్ ఆ సంప్రదాయం ప్రకారం అభినయించిన వీడియోలు భారత, అమెరికా విద్యార్థులకు చూపించారు. లజ్జతో సహా ఆ భావాలను గుడ్డిగా ఊహిస్తే వచ్చేదాని కన్నా బాగా ఎక్కువమంది గుర్తుపట్టారు. ఎక్‌మన్ ఆరింటిలో లజ్జ లేదు. మన పల్లెల్లో సిగ్గు లేకుండా ఏ ప్రశ్నావళీ నడవదు.

వడ్డేపల్లి గట్టు:
సిగ్గు సంగతి నూరుపాళ్లు నిజం అక్కా. జాబితా మాత్రం ఉన్నదున్నట్టు పనికిరాదు. ఆ 33లో శ్రమ ఉన్నది, నిద్ర ఉన్నది, మరణం ఉన్నది. అవి రంగం మీద నటుడికి కావాలె, ఆశా కార్యకర్త చేతిల కాగితానికి కాదు. కాకపోతే ఎక్‌మన్‌ల, రస్సెల్‌ల దొరకని ఒక సంగతి అండ్ల ఉన్నది: నిలిచి ఉండే భావం వేరు, వచ్చి పోయే భావం వేరు. కొడుకు దుబాయి పోయిన తల్లికి పట్టే రంది నెలలకొద్దీ ఉంటది, కుక్క మీదికొస్తే అయ్యే బుగులు రెండు నిమిషాలకు పోతది. ఎంత గట్టిగ అనిపిస్తాంది అన్నదాంతోపాటు ఎన్ని దినాల నుంచి అని కూడా అడగాలె.

ధర్మసాగరం:
పేర్లా అక్షాలా అన్నది ముందే తేల్చుకోనక్కర్లేదు. ఇక్కడి మాటలు తీసుకుని, అవి ఎట్ల కూడతాయో ఇక్కడి మనుషులనే అడగండి. ముందు ఊళ్లో వాడే 40 మాటలు ఏరి, ఒక్కో కార్డు మీద ఒక్కోటి రాయండి. జతజతగా పోలిక అడిగితే 780 జతలవుతాయి, ఎవరూ కూర్చోరు. అందుకే కార్డులను కుప్పలుగా పెట్టమనండి. ఎన్ని కుప్పలైనా సరే, అన్నీ ఒకే కుప్ప కావద్దు, దేనికది విడిగా కూడా ఉండొద్దు. 30 మందిలో 21 మంది రందిని, బెంగను ఒకే కుప్పలో పెట్టారనుకోండి: పోలిక 0.7, దూరం 0.3. ఇట్లా 780 దూరాలతో బహుమితీయ మాపనం (దూరాలను బట్టి చుక్కలను పటం మీద అమర్చే లెక్క) నడిపితే పటం దానంతటదే వస్తుంది.

చదువురాని వాళ్లకు కార్డులు ఇవ్వకండి. మూడేసి మాటలు చదివి, పొసగనిది ఏదో అడగండి. 40 మాటలకు మూడేసి చొప్పున 9,880 గుంపులు, అది కుదరని పని. 9 మాటలకు కుదించి, ప్రతి జత ఒక్కసారే వచ్చేలా అమరిస్తే 12 గుంపులతో అయిపోతుంది.

పని చెడేది కుప్పల దగ్గరే. గుస్సా, ఖుషీ, పరేషాన్ ఒక కుప్ప. విషాదం, జుగుప్స ఇంకో కుప్ప. రంది, యాష్ట, బుగులు మూడో కుప్ప. ఇది భావం చూసి పెట్టింది కాదు. ఉర్దూ మాటలు, పుస్తకం మాటలు, ఇంటి మాటలు అని పెట్టింది. అప్పుడు పటంలో మొదటి అక్షం సుఖం కాదు, యాస. మందు ఏమంటే, కోపం ఉంటే గుస్సా తీసేయండి, ఒకే అర్థానికి రెండు కార్డులు వద్దు. పుస్తకాల్లో తప్ప వినపడని మాట ఒక్కటి కూడా వద్దు. చెప్పేటప్పుడు “మాట ఎవరిదో కాదు, అట్లయినప్పుడు మనసుల ఎట్లుంటదో చూసి పెట్టుండ్రి” అనండి.

ఎన్ని అక్షాలన్నది క్రుస్కల్ స్ట్రెస్ (పటంలోని దూరాలు అసలు దూరాలకు ఎంత పొసగలేదో చెప్పే అంకె) చూసి తేల్చండి. 0.20 అంటే పటం నమ్మదగింది కాదు, 0.10 పర్వాలేదు, 0.05 బాగుంది. అక్షం పెంచితే స్ట్రెస్ ఎట్లాగూ తగ్గుతుంది. ఎక్కడ తగ్గుదల మందగిస్తుందో అక్కడ ఆగాలి. వచ్చిన పటాన్ని ఎటైనా తిప్పొచ్చు, అక్షాలకు పేర్లు ఉండవు. వేరే 30 మందితో ప్రతి మాటకు సుఖం, పట్టు, ఉత్తేజం 1 నుంచి 9 వరకు వేయించి, ఆ సగటులు పటంలో ఏ దిక్కుకు పెరుగుతున్నాయో రిగ్రెషన్ అనే లెక్కతో తేల్చి, ఆ దిక్కుకు బాణాలు గీయండి. కుప్పలు పెట్టినవాళ్లతోనే అంకెలు వేయించొద్దు. ముందు అంకెలు వేస్తే ఆ కొలతలే మనసులో పెట్టుకుని కుప్పలు పెడతారు.

మడికొండ మబ్బు:
ఒప్పుకుంటున్నా, ముందు కుప్పలే. ఉత్తేజాన్ని ఏమని అడగాలి? ఒక కొసకు “నిమ్మళం”, ఇంకో కొసకు “ఉద్రేకం” అనుకున్నా.

ధర్మసాగరం:
రెండూ వద్దు. “పాణం నిమ్మళమైంది” అంటే హాయి కూడా వచ్చేసింది, ఉద్రేకంలో కోపం దాగి ఉంది. నిలువుగీత పక్కకు ఒరిగి సుఖం గీతలో కలిసిపోతుంది. “గుండె ఎంత కొట్టుకుంటది, కాలు చేయి ఎంత ఆగదు” అని ఒంటినే అడగండి. బ్రాడ్లీ, లాంగ్ 1994లో వివరించిన బొమ్మల కొలతలో కూడా ఉత్తేజాన్ని మాటతో అడగరు. కళ్లు మూసుకుని ఊరకున్న బొమ్మ నుంచి లోపల పేలుతున్నట్టున్న బొమ్మ దాకా ఒక వరుస ఉంటుంది, అంతే.

రందికి ఒక్క సగటే రాసి ఊరుకోకండి. మంచం దిగని మనిషిని తలుచుకుని సగం మంది 2 వేస్తే, రాత్రంతా నిద్రలేక అటూ ఇటూ తిరిగే మనిషిని తలుచుకుని సగం మంది 8 వేస్తే, సగటు 5 దగ్గర చుక్క పడుతుంది. ఆ 5 ఒక్కరూ వేయలేదు. ప్రతి మాటకు ఎవరెంత వేశారో గీసి చూడండి. రెండు గుట్టలు కనబడితే అవి రెండు మాటలు, రెండు కార్డులు.