పాస్‌వర్డ్ 90 రోజులకోసారి మార్చాల్సిందేనా?

హన్మకొండ అక్క: మా ఆఫీసులో 90 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలి. ఈసారి సరిగ్గా జీతాల బిల్లులు పెట్టే రోజే గడువు పడింది. పొద్దున మార్చాను, మధ్యాహ్నానికి మర్చిపోయాను. మూడుసార్లు తప్పు కొడితే లాకైంది. తెరిపించుకునేసరికి సాయంత్రం ఐదు. ఎందుకండీ ఈ టెన్షన్?

కాజీపేట సిస్టమ్స్: మీ మంచికే అక్కా. పాతది ఎవరికైనా తెలిసి ఉంటే, మార్చగానే వాళ్ల దారి మూసుకుపోతుంది.

నర్సంపేట తమ్ముడు: అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే గడువు పెట్టి మార్పించొద్దని చెప్పింది. లీకైందని తెలిస్తే మార్పించాలంది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ భద్రతా సిఫార్సుల్లోంచి గడువు తీసేసింది. గడువు పెడితే జనం కొత్తది ఆలోచించరు, భద్రకాళి1ని భద్రకాళి2 చేస్తారు.

కాజీపేట సిస్టమ్స్: అమెరికా సంగతి వదిలెయ్ తమ్మీ. మొన్న ఒక సెక్షన్‌లో కీబోర్డు ఎత్తి చూస్తే కింద చీటీ అంటించి ఉంది. నాలుగు పాస్‌వర్డ్‌లు కొట్టేసి, కింద ఐదోది రాసుంది. ఇట్లాంటి చోట గడువు కూడా లేకపోతే ఎట్లా?

నర్సంపేట తమ్ముడు: అన్నా, మాటిమాటికి మార్చమన్నందుకే కదా ఆ చీటీ! సకినాలు, గొడుగు, చెరువు, నిచ్చెన... ఇట్లా పొంతన లేని మాటలు నాలుగైదు కలిపి పొడుగ్గా ఒక్కటి పెట్టుకోనిస్తే రాసుకునే పనే ఉండదు.

పరకాల: మా సైట్ 12 అక్షరాలు దాటితే తీసుకోదు.

కాజీపేట సిస్టమ్స్: పొడుగైతే ఏంది, ఒకరికి తెలిసిందంటే అయిపోయినట్టే.

హన్మకొండ అక్క: సిస్టమ్స్ తమ్ముడూ, నెలాఖరున బిల్లు ఆగితే మాటలు పడేది మేము. మీకేం, రీసెట్ కొట్టి వెళ్లిపోతారు.

కాజీపేట సిస్టమ్స్: నేను పడలేదా అక్కా? 2021లో సెలవులో ఉంటే నా లాగిన్‌తో ఎవరో ఎంట్రీ మార్చారు. పాస్‌వర్డ్ అడిగి తీసుకున్న పెద్దసారు నాకేం తెలియదన్నారు. మెమో నాకొచ్చింది, ఇంక్రిమెంట్ నాదాగింది. అప్పటి నుంచి నెల తిరక్కుండా మారుస్తున్నా.

నర్సంపేట తమ్ముడు: మార్చిన మర్నాడే ఆ సారు మళ్లీ అడిగితే?

కాజీపేట సిస్టమ్స్: అడుగుతారు. ఇయ్యనంటే ఏమైతదో నా కుర్చీలో కూర్చుంటే తెలుస్తది.

హన్మకొండ అక్క: నా లాగిన్ ముగ్గురికి తెలుసు. బిల్లులు ఆగొద్దని నేనే చెప్పాను. మీ సంగతి చదివాక భయమేస్తోంది. ముగ్గురికీ వేరే లాగిన్లు ఇవ్వమని రేపే కాగితం పెడతాను.

కాజీపేట సిస్టమ్స్: పెట్టండి. కాగితం అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి. అప్పట్లో నేను నోటిమాటగానే అడిగాను.