సమస్య: చెట్టు బెరడు పుట్టె చేడె యగుచు

నిర్వాహకుడు: రాత్రి బైబిల్లో యోబు గ్రంథం 42వ అధ్యాయం చదువుతుంటే తట్టింది. సూచన అడగొద్దు, ఇచ్చేశాను.

గరిక:
యోబు కష్టమెల్ల నొక్కనాటికిఁ దీరె,
కుదురుకొనియె నిల్లు, కూతు రొకతె
పేరు కెజియ; మూల మారయ హీబ్రూన
చెట్టు బెరడు పుట్టె చేడె యగుచు

శంఖుపూలు: 'మూల మారయ' దగ్గర ఆగిపోయానండీ. మాటకు మూలం వెతకబోతే చెట్టు మొదలే తగిలింది. ఆ పక్కనే బెరడు. భేష్!

పాతచింత: అది శ్లేష అని గరికగారికి ఇప్పుడే తెలిసుంటుంది. మూలం అని ఊరుకుంటే ఎలా, ధాతువేదీ? కెజియకు హీబ్రూ రూపమైన 'కెత్సియా' అన్నది గీరడం, చెక్కడం అనే ధాతువు నుంచి వచ్చిందంటారు. బెరడు ఒలిచి తీసేదే కదా. నా పూరణ:

లవంగిపట్ట యంగడి సరుకైన
గీరి తీయుటన్న కెజియ కర్థ
మున్న దదియె, తండ్రి ముద్దుగాఁ బిలువంగ
చెట్టు బెరడు పుట్టె చేడె యగుచు

గరిక: ధాతువు పట్టినందుకు నమస్కారం. కానీ ల-వం-గి? జగణంతో (లఘువు, గురువు, లఘువు) మొదలైన ఆటవెలది ఇదే చూడటం. బెరడు గీరుతూ మొదటి అక్షరం కూడా గీరేసినట్టున్నారు.

శంఖుపూలు: ముందు 'ఆ' పెడితే సరి. ఆల-వంగి-పట్ట. 'యంగడి'తో యతి కూడా కుదిరింది!

పాతచింత: టైపింగులో ఎగిరిపోయింది. పదం మాత్రం మార్చను. కీర్తన 45:8లో మన బైబిల్లో ఉన్నది లవంగిపట్టే.

గరిక: పదానికేం, బంగారం. మొన్నటి పూరణలో తమరు అభిషేక తైలంలోకి దాల్చినచెక్క 500 తులాలు పోశారు, గుర్తుందా? నిర్గమకాండం 30లో 'కిన్నమోన్', అంటే దాల్చినచెక్క, 250 తులాలే. 500 ఉన్నది 'కిద్దా', అంటే దాల్చినచెక్కను పోలిన కాసియా బెరడు. హీబ్రూవాళ్లు వేరే డబ్బాల్లో పెట్టుకున్నవి మీరు ఒకే పోపులపెట్టెలో కలిపేశారు.

పాతచింత: మన కొట్లో దాల్చినచెక్క అడిగితే చాలాచోట్ల ఇచ్చేది కాసియానే కదండీ! ఆ 'కాసియా' మాట కూడా ఈ కెత్సియా చుట్టమే, గ్రీకుల మీదుగా వచ్చింది.

గరిక: ఈ ముక్క పద్యంలో పెట్టి ఉంటే ఒప్పుకునేదాన్ని.

నిర్వాహకుడు: పోపులపెట్టె మూయండి. కెజియ చెల్లెలు కెరెంహప్పుకు పేరుకు అర్థం కాటుక కొమ్ము. వచ్చేవారం సమస్య: 'కొమ్ము మొలిచె నమ్మ కూఁతు కంట'. పాతచింతగారూ, మొదటి అక్షరం ఒకటికి రెండుసార్లు చూసుకుని పంపండి.