సూపర్‌మార్కెట్ బకాయి: మేము ఒడిశాలో, కొన్నవారు ఆంధ్రలో. ఫిర్యాదు ఎక్కడ?

పర్లాకిమిడి అప్పడాలు:
అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మాకు అప్పడాలు, వడియాలు చేసే చిన్న యూనిట్ ఉంది. చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ కూడా ఉంది. మూడేళ్లుగా విశాఖపట్నంలోని ఒక సూపర్‌మార్కెట్ సంస్థకు సరుకు వేస్తున్నాం. ఒప్పందంలో 90 రోజుల గడువు రాయించుకున్నారు గాని, నాలుగు నెలలైతే తప్ప డబ్బు రాదు, వచ్చినా బిల్లు మొత్తం రాదు. కిందటి నెల 48,000 రూపాయల బిల్లులో 6,200 కోసి డెబిట్ నోటు పంపారు: విరిగిన ప్యాకెట్లకు కొంత, మమ్మల్ని అడగకుండా పెట్టిన పండగ ఆఫరుకు కొంత. విరిగాయన్న ప్యాకెట్లు మాకు తిరిగి రాలేదు. పెట్టె మీద పెట్టె పేరిస్తే మినప అప్పడం వారి గోదాములోనే నుగ్గవుతుంది, ఆ నష్టం మా ఖాతాలో పడుతోంది. మేము ఏ రాష్ట్రంలో ఫిర్యాదు చేయాలి?

రాయగడ లెక్కలు:
మీరు ఆంధ్రకు వెళ్లనక్కరలేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం 18వ సెక్షన్ ప్రకారం, కొన్నవారు దేశంలో ఎక్కడున్నా, సరఫరాదారు ఉన్న చోటి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే (ఇలాంటి బకాయి తగాదాలు తేల్చే ప్రభుత్వ మండలి) విచారించే అధికారం ఉంటుంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా గడువు 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. సరుకుపై అభ్యంతరం ఉంటే అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి, లేకుంటే అంగీకరించినట్టే లెక్క. అందుచేత ముందు మీ డెలివరీ చలానాల మీద ముద్ర, తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి.

గుణుపురం పప్పుల వ్యాపారి:
పై మాట తయారీదారులకు సరే. నాలాగా కొని అమ్మేవారికి 2021 జులైలో ఉద్యం నమోదు మళ్లీ ఇచ్చారు గాని అది బ్యాంకు రుణాల వరకే, ఈ 45 రోజుల రక్షణ మాకు లేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాకు తెలిసిన ఒక పచ్చళ్లవారు కౌన్సిల్‌కు వెళ్లి గెలిచారు, వడ్డీతో డబ్బు వచ్చింది. ఆ తర్వాత ఆ స్టోర్ల నుంచి ఒక్క ఆర్డరూ రాలేదు.

బరంపురం నుంచి:
అసలు చిక్కు అక్కడే ఉంది. మన చట్టం సరఫరాదారును అప్పిచ్చినవాడిగా చూస్తుంది గాని, రేపు మళ్లీ అదే గుమ్మం ఎక్కవలసినవాడిగా చూడదు. బ్రిటన్‌లో 2013 చట్టంతో కిరాణా నియమావళికి, అంటే పెద్ద సూపర్‌మార్కెట్లు సరఫరాదారులతో ఎలా నడుచుకోవాలో చెప్పే నియమాలకు, ప్రత్యేక న్యాయనిర్ణేతను పెట్టారు. ఏటా వంద కోట్ల పౌండ్లు మించి కిరాణా అమ్మే సంస్థలు ఆ పరిధిలోకి వస్తాయి. ఫిర్యాదు చేసినవారి పేరు గోప్యంగా ఉంచుతారు, పైగా వెనకటి తేదీతో షరతులు మార్చడాన్ని కూడా ఆ నియమావళి నిషేధిస్తుంది. అక్కడి సూపర్‌మార్కెట్ సంస్థ టెస్కో సరఫరాదారులకు చెల్లింపులను ఆలస్యం చేసిందని 2016 జనవరిలో తేల్చారు, కాకపోతే జరిమానా వేసే అధికారం ఆ తప్పులు జరిగిన తర్వాతే వచ్చినందువల్ల వేయలేకపోయారు. మీ 6,200 వంటి కోతలను అడిగే అటువంటి అధికారి మనకు లేరు.

పర్లాకిమిడి అప్పడాలు:
చలానాలు తీసి చూశాను. పద్నాలుగింటిలో పదకొండింటి మీద ముద్ర, తేదీ ఉన్నాయి. మూడింటి మీద గేటు దగ్గరి సెక్యూరిటీ అబ్బాయి సంతకం తప్ప ఏమీ లేదు. డెబిట్ నోటును ఒప్పుకోవడం లేదని ఈ ఉదయమే ఈమెయిల్ పంపాను. సంక్రాంతి ఆర్డరు ఇంకా వారి చేతిలోనే ఉంది కనుక, కౌన్సిల్‌కు ఎప్పుడు వెళ్లాలో ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకుంటాం.