కొత్త ఉపాధ్యాయుల ప్రొబేషన్ ఖరారు: ప్రసూతి సెలవు, డిపార్ట్‌మెంట్ పరీక్షలు, ఎస్సార్ (సర్వీసు రిజిస్టరు) నమోదులపై సందేహాలు

ప్రశ్న (ఆలూరు ప్రాంతం, ఎస్‌జీటీ):

సభ్యులందరికీ నమస్కారం. నేను మెగా డీఎస్సీ-2025 (ఉపాధ్యాయ నియామక పరీక్ష)లో ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్)గా ఎంపికై 2025 అక్టోబరు 13న కర్నూలు జిల్లా ఆలూరు వైపు ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చేరాను. ప్రొబేషన్ (ఉద్యోగంలో స్థిరపడే ముందు ఉండే పరిశీలన కాలం) గురించి మూడు సందేహాలున్నాయి. మా మరిది గ్రామ సచివాలయ ఉద్యోగి. డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాసి ఉత్తీర్ణులైతే తప్ప ప్రొబేషన్ ఖరారు కాదని ఆయన గట్టిగా చెబుతున్నారు. ఇది మాకూ వర్తిస్తుందా? రెండోది, నేను త్వరలో 180 రోజుల ప్రసూతి సెలవు పెట్టవలసి ఉంది. ఆ సెలవు పెడితే రెండేళ్ళ లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని తోటి టీచర్ ఒకరు భయపెట్టారు. మూడోది, మా ఊళ్ళో దీపావళి దాటగానే సగం ఇళ్ళకు తాళాలు పడతాయి; తల్లిదండ్రులు సుగ్గికి (కూలి పనుల వలసకు) పోతూ పిల్లలను వెంట తీసుకుపోతారు. హాజరు తగ్గడం నా పనితీరు నివేదికలో నాకు మచ్చగా మిగులుతుందా? దయచేసి అనుభవజ్ఞులు వివరించగలరు.

జవాబు (గుత్తి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):

అమ్మా, మీ మరిది తమ శాఖ విషయంలో చెప్పింది నిజమే. 2019 అక్టోబరులో చేరిన సచివాలయ ఉద్యోగులు నెలకు 15,000 రూపాయల మొత్తం జీతంపై పనిచేశారు. శాఖాపరమైన పరీక్ష పాసైనవారికే 2022లో ప్రొబేషన్ ఖరారై పూర్తి స్కేలు వచ్చింది. ఉపాధ్యాయుల పద్ధతి అది కాదు. మీకు చేరిన రోజు నుంచే స్కేలు వర్తిస్తుంది. 2022 వేతన సవరణ ప్రకారం ఎస్‌జీటీ స్కేలు 32,670 నుంచి 1,01,970 వరకు. మన దగ్గర అందరూ చెప్పుకునే ఈవోటీ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్ట్), జీవోటీ (గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్ట్) పరీక్షలు మున్ముందు ప్రధానోపాధ్యాయ పదోన్నతికి అవసరమయ్యేవి. తీరిక ఉన్నప్పుడు రాసుకోండి, మంచిదే. కానీ వాటి కోసం ప్రొబేషన్ ఆగదు. 398 రూపాయల నెలజీతంపై స్పెషల్ టీచర్లుగా చేరిన మా తరం వారిని చూసినవాడిని కనుక, మొదటి నెల నుంచే స్కేలు అందుకుంటున్న మీ తరాన్ని చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలు, 1996లో ప్రొబేషన్‌కు సంబంధించినవి 16, 17, 18 నిబంధనలు. నేరుగా నియమితులైన ఉపాధ్యాయులు మూడేళ్ళ నిరంతర కాలంలో రెండేళ్ళు విధుల్లో ఉండాలి. ఈ వాక్యంలో ‘విధుల్లో’ అన్న మాట మీద మనవాళ్ళ దృష్టి ఆగదు, మీ భయానికి మూలం అక్కడే ఉంది. రెండేళ్ళంటే క్యాలెండర్‌లో గడిచిన రెండేళ్ళు కాదు, డ్యూటీగా లెక్కకు వచ్చే రెండేళ్ళు. క్యాజువల్ లీవు డ్యూటీలో భాగమే. వేసవి సెలవులూ డ్యూటీ కిందికే వస్తాయి, కాకపోతే బడి మూసే చివరి రోజునా తెరిచే మొదటి రోజునా మీ హాజరు ఉండేలా చూసుకోండి. సంపాదిత సెలవు, అర్ధజీతపు సెలవు, జీతం లేని సెలవు, ప్రసూతి సెలవు మాత్రం డ్యూటీ లెక్కలోకి రావు. వాటిని ఎన్ని రోజులు వాడుకుంటే ప్రొబేషన్ పూర్తయ్యే తేదీ అన్ని రోజులు ఆలస్యమవుతుంది.

మీ విషయంలో లెక్క వేసి చూపిస్తాను. సెలవేమీ పెట్టకపోతే 2027 అక్టోబరు 12 సాయంత్రానికి రెండేళ్ళు నిండుతాయి. 180 రోజుల ప్రసూతి సెలవు పెడితే, 2028లో ఫిబ్రవరికి 29 రోజులు కనుక, ఆ తేదీ 2028 ఏప్రిల్ 9కి జరుగుతుంది. మూడేళ్ళ గడువు 2028 అక్టోబరు 12తో ముగుస్తుంది. అంటే అప్పటికి మీ చేతిలో ఇంకా 186 రోజుల వెసులుబాటు మిగిలి ఉంటుంది. ‘మొదటి నుంచి మళ్ళీ’ అన్నది శుద్ధ అపోహ. అంతకుముందు చేసిన డ్యూటీ ఒక్క రోజు కూడా పోదు. ప్రసూతి సెలవు ఇంక్రిమెంటుకు అడ్డం కాదు, సీనియారిటీకి కూడా అడ్డం కాదు. ప్రొబేషన్ తేదీ ఒక్కటే జరుగుతుంది. కనుక సెలవు విషయంలో నిశ్చింతగా ఉండండి.

పిల్లల హాజరు గురించి: నివేదిక మీ పనిని, మీ నడవడికను గురించి రాసేది, ఊరి వలసలను గురించి కాదు. ఆదోని, ఆలూరు, మంత్రాలయం వైపు పనిచేసిన ఏ మండల విద్యాధికారికైనా సుగ్గి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అయినా ఎవరెవరి కుటుంబాలు ఏ నెలలో ఎటు వెళ్ళాయో, మీరు ఎవరితో మాట్లాడారో ఒక నోటుబుక్కులో తేదీలతో రాసిపెట్టుకోండి. రేపు తనిఖీకి వచ్చినవారు అడిగితే నోటిమాట కంటే ఆ పుస్తకం ఎక్కువ పనికివస్తుంది.

అనుబంధ ప్రశ్న (ఆలూరు ప్రాంతం, ఎస్‌జీటీ):

ధన్యవాదాలు సార్. లెక్క స్పష్టంగా అర్థమైంది. అయితే ఆ తేదీ రాగానే ప్రొబేషన్ దానంతటదే ఖరారవుతుందా, లేక మేమేదైనా దరఖాస్తు పెట్టాలా?

జవాబు (గుత్తి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):

దానంతటదే ఏదీ రాదమ్మా. నియామకాధికారి మీ పనిని, నడవడికను పరిశీలించి, మీరు ఆ ఉద్యోగానికి తగినవారని ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు వచ్చాకే మిమ్మల్ని ‘అప్రూవ్డ్ ప్రొబేషనర్’ అంటారు. ఇక్కడ రెండు పనులున్నాయి. ఒకటి, చేరిన తేదీ నుంచి మీ సర్వీసును క్రమబద్ధీకరించడం; రెండోది, ప్రొబేషన్ పూర్తయినట్లు ప్రకటించడం. చాలామంది రెంటినీ ఒకటే అనుకుని, మొదటి ఉత్తర్వు చేతికి రాగానే ఫైలు సంగతి మరచిపోతారు. ఉత్తర్వు ఆలస్యమైనా అర్హత వచ్చిన తేదీ నుంచే అమలవుతుంది కనుక ఆ మేరకు నష్టం ఉండదు. అలాగని ఉపేక్షించకూడదు, పదోన్నతి జాబితా తయారయ్యే వేళకు చేతిలో ఉత్తర్వు లేకపోతే చిక్కులు వస్తాయి.

ప్రతిపాదన మండల విద్యాధికారి ద్వారా జిల్లా విద్యాధికారికి వెళ్తుంది. అందులో నియామక ఉత్తర్వు, చేరిక నివేదిక, సెలవుల పట్టిక, సర్వీసు రిజిస్టరు, మీపై అభియోగాలేవీ పెండింగులో లేవన్న ధ్రువపత్రం, పోలీసు విచారణ నివేదిక ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ కాలం తినేది విద్యార్హత పత్రాల నిజనిర్ధారణ. పదో తరగతి, ఇంటర్, డీఈఎల్‌ఈడీ (ప్రాథమిక విద్యలో డిప్లొమా) పత్రాలు ఆయా బోర్డులకు వెళ్ళి సరైనవేనని జవాబు తిరిగి రావాలి. తండ్రిపేరు ఒక పత్రంలో ఇంటిపేరుతో, మరో పత్రంలో పొడి అక్షరాలతో ఉన్నవాళ్ళు ఇప్పుడే సరిచేయించుకోవడం ఉత్తమం.

నా అనుభవం ఒకటి చెప్పాలి. నాకు ప్రొబేషన్ కాలంలో టైఫాయిడ్ వచ్చి పదకొండు రోజులు వైద్య కారణంపై సెలవు పెట్టాను. సెలవు మంజూరైంది, జీతం కూడా వచ్చింది. కానీ ఎస్సార్‌లో సెలవుల ఖాతా పేజీలో ఆ నమోదు పక్కన మంజూరు ఉత్తర్వు సంఖ్య వేయలేదు, అధికారి సంతకం లేదు. నేను ఆ పేజీ తెరిచి చూసుకోలేదు. ప్రతిపాదన పంపిన మూడు నెలలకు ‘సెలవు వివరము అస్పష్టము’ అని ఎర్రసిరాతో ఒక్క వాక్యం రాసి ఫైలు తిప్పి పంపారు. అప్పటికి నాకు సెలవు మంజూరు చేసిన అధికారి బదిలీపై వెళ్ళిపోయారు. ఆయన కొత్త కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగి సంతకం చేయించుకుని, ప్రతిపాదన మళ్ళీ పంపేసరికి ఏడు నెలలు గడిచాయి. పదకొండు రోజుల సెలవుకు ఏడు నెలల శిక్ష! కాబట్టి ఎవరు ఏమనుకున్నా సరే, ఏడాదికొకసారి మండల విద్యాధికారి కార్యాలయానికి వెళ్ళి మీ ఎస్సార్ అడిగి తీసుకుని, ప్రతి పేజీ వేలితో చూపుకుంటూ చదవండి. లీప్ యాప్‌లో హాజరు పచ్చగా కనిపిస్తోందని ఊరుకోవద్దు; ఫైలు చూసేవారికి ముందుగా కావలసింది ఎస్సార్‌లో ఉన్న నమోదే.

ప్రశ్న (ప్రొద్దుటూరు, స్కూల్ అసిస్టెంట్):

గౌరవనీయులకు నమస్కారం. నేను ఎస్‌జీటీగా ప్రొబేషన్ పూర్తి చేసి, స్కూల్ అసిస్టెంట్‌గా పదోన్నతి పొందాను. మళ్ళీ ప్రొబేషన్ ఉంటుందంటున్నారు. ఇదెక్కడి న్యాయం?

జవాబు (అనంతపురం, ఉపాధ్యాయ సంఘ మండల బాధ్యుడు):

న్యాయం మాట అటుంచితే నిబంధన ఉంది సార్. పదోన్నతిపై వచ్చినవారు రెండేళ్ళ నిరంతర కాలంలో ఒక ఏడాది విధుల్లో ఉండాలి. పద్ధతి అంతా పైన చెప్పినట్టే. పత్రాల నిజనిర్ధారణ ఇదివరకే అయిపోయి ఉంటుంది కనుక ఫైలు తేలికగానే కదులుతుంది. పదోన్నతి కాకుండా డీఎస్సీ రాసి స్కూల్ అసిస్టెంట్‌గా నేరుగా ఎంపికైనవారికైతే మళ్ళీ రెండేళ్ళే వర్తిస్తుంది.

ప్రశ్న (ఎమ్మిగనూరు, ఎస్‌జీటీ):

గడువు దాటినా ఉత్తర్వు రాకపోతే పర్మనెంట్ అయినట్టే లెక్క అని సుప్రీంకోర్టు తీర్పు ఉందని విన్నాను. నిజమేనా? అలాగే, ప్రొబేషన్‌లో ఉన్నవారిని కారణం చెప్పకుండా తీసివేయవచ్చా?

జవాబు (అనంతపురం, ఉపాధ్యాయ సంఘ మండల బాధ్యుడు):

మీరు విన్న తీర్పు 1968లో పంజాబ్ రాష్ట్రం, ధరమ్ సింగ్ కేసులో వచ్చింది. అది కూడా బడిపంతుళ్ళ కేసే. అక్కడి నిబంధనల్లో పొడిగింపులన్నీ కలుపుకుని ప్రొబేషన్ మూడేళ్ళకు మించరాదని గరిష్ఠ పరిమితి ఉంది. ఆ పరిమితి దాటాక కూడా వారిని కొనసాగించారు కనుక వారు స్థిరపడినట్టేనని కోర్టు భావించింది. అలాంటి గరిష్ఠ పరిమితి లేనిచోట, గడువు దాటి పనిచేసినంత మాత్రాన ప్రొబేషన్ పూర్తయినట్టు కాదన్నది సాధారణ సూత్రం. కాబట్టి ఆ తీర్పును నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు. ఉత్తర్వు సంపాదించుకోవడమే సులువు.

రెండో సందేహానికి జవాబు: పని సంతృప్తికరంగా లేదనుకుంటే నియామకాధికారి 17వ నిబంధన కింద ప్రొబేషన్‌ను గరిష్ఠంగా ఒక ఏడాది పొడిగించవచ్చు, లేదా ముగించవచ్చు. అయితే దుష్ప్రవర్తన ఆరోపించి, విచారణ జరపకుండా శిక్షగా తొలగించడం కుదరదు. 1957లో పురుషోత్తం లాల్ ఢింగ్రా కేసు నాటి నుంచి ఆ విషయం స్థిరపడింది. రాజ్యాంగం 311వ అధికరణం రక్షణ ప్రొబేషనర్‌కూ ఆ మేరకు వర్తిస్తుంది. మెమో వస్తే మాత్రం మౌనంగా ఉండకుండా, గడువులోపు లిఖితపూర్వకంగా జవాబిచ్చి నకలు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న (ధర్మవరం, ఎస్‌జీటీ):

2022లో జిల్లాలు విడిపోయాక మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. నా ప్రతిపాదన పుట్టపర్తికి పంపాలా, అనంతపురానికి పంపాలా?

జవాబు (గుత్తి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):

డీఎస్సీ ఉమ్మడి జిల్లా యూనిట్‌గానే జరిగింది కదా నాయనా. మీ నియామక ఉత్తర్వు తీసి, దాని అడుగున ఏ అధికారి సంతకం చేశారో చూడండి. ప్రొబేషన్ ప్రకటించవలసింది ఆ నియామకాధికారే. ఎటు పంపాలో తేల్చి పంపే పని మండల కార్యాలయానిది, కానీ మీకూ తెలిసి ఉండడం మేలు.

ముగింపు స్పందన (ఆలూరు ప్రాంతం, ఎస్‌జీటీ):

అందరికీ కృతజ్ఞతలు. సార్ చెప్పినట్టు నిన్న కార్యాలయానికి వెళ్ళి ఎస్సార్ చూశాను. చేరిన తేదీ నమోదు ఉంది, పక్కన సంతకం లేదు. గుమాస్తా గారు ‘తర్వాత చేయిస్తాలెమ్మా’ అన్నారు.

జవాబు (గుత్తి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):

ఆ ‘తర్వాత’ను నమ్మవద్దు. సోమవారం మధ్యాహ్నం మండల విద్యాధికారి సీట్లో ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కుని, ప్రసూతి సెలవుకు వెళ్ళేలోపే మీరే ఎస్సార్ పట్టుకుని ఆయన ఎదుట నిలబడి సంతకం, తేదీ, కార్యాలయ ముద్ర మూడూ వేయించుకోండి. వస్తూ వస్తూ ఆ పేజీని ఫోటో తీసుకోండి.