కుక్క, చిలుక, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లోకి పిల్లికూన వచ్చింది, సలహా చెప్పండి

సుబేదారి అమ్మ
మాది హన్మకొండ, రెండో అంతస్తు. శనివారం మా వారు పార్కింగ్‌లో దొరికిన పిల్లికూనను తువ్వాలలో చుట్టి తెచ్చారు. మూడు నెలలు ఉంటుందన్నారు డాక్టరు. ఇంట్లో ఇప్పటికే నాలుగేళ్ల నాటు కుక్క టైగర్, అత్తమ్మ పెంచే రామచిలుక, ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప. టైగర్‌కి దీన్ని ఎలా అలవాటు చేయాలి? పాప తోక పట్టి లాగుతోంది. ఇసుక డబ్బా ఎక్కడ పెట్టాలి? రాత్రి రెండింటికి మొదలయ్యే అరుపులు ఎలా ఆపాలి?

కాజీపేట లోకో
మొదటి రోజే ఎదురెదురుగా పెట్టకండి. నేను పెట్టాను. మా జిమ్మీ ముక్కు మీద ఇప్పటికీ గీత ఉంది. పిల్లి సజ్జ ఎక్కి రోజున్నర దిగలేదు, అమ్మ దాచుకున్న స్టీలు గిన్నెలన్నీ కింద పడేసింది. తర్వాత బుద్ధొచ్చి పది రోజులు వేరే గదిలో ఉంచాం. పిల్లి పడుకున్న గుడ్డ జిమ్మీ దగ్గర, జిమ్మీ గుడ్డ పిల్లి దగ్గర. మూసిన తలుపుకి అటొక గిన్నె, ఇటొక గిన్నె. వాసన అలవాటయ్యాకే తలుపు జానెడు తీశాం, అదీ కుక్క గొలుసు చేత్తో పట్టుకుని.

నాటుకోడి
రామచిలుకా? పంజరంలోనా? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలుకలను ఇంట్లో పెంచడం నేరం. ముందు ఆ సంగతి చూడండి.

సుబేదారి అమ్మ
అది అత్తమ్మది అండి. నేనడిగింది పిల్లి గురించి.

పరకాల పెద్దన్న
మా నాయనమ్మ చిలుక "ఎవలొచ్చిన్రు" అని గేటు దాకా వినపడేలా అడిగేది. ఎన్నేళ్లు పెంచినా ఏ చట్టమూ మా గడప తొక్కలేదు.

నాటుకోడి
పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది మీ వాదన. ఎవరూ చూడకపోతే నేరం కాకుండా పోతుందా? చిలుకల్ని గూళ్లలోంచి పిల్లలుగా ఉన్నప్పుడే తీసుకొచ్చి అమ్ముతారు, వాటిలో చాలా దారిలోనే చస్తాయి.

పరకాల పెద్దన్న
పేరే నాటుకోడి అని పెట్టుకున్నవ్, ఆదివారం ఏం తింటవో మాకు తెల్వదా తమ్మీ?

నాటుకోడి
కోడి వన్యప్రాణి కాదు!! చదువుకుని రండి.

మార్జాల గురు
లొల్లి ఆపండి. ఇరవై రెండేళ్లుగా పిల్లులు పెంచుతున్నా, ఒకప్పుడు మా ఇంట్లో పదకొండు ఉండేవి. ఫోన్‌లో చదివి చెప్పట్లేదు. డబ్బా ఎక్కడ అని కాదమ్మా, ఎన్ని అని అడగాలి. పిల్లులు ఎన్నుంటే అంతకంటే ఒకటి ఎక్కువ పెట్టాలి. తిండి గిన్నె పక్కన మాత్రం వద్దు. పాలు పోయకండి, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అరగవు.

కాజీపేట లోకో
మా ఊళ్లో పిల్లులన్నీ పాలు తాగే బతికాయి గురూ.

మార్జాల గురు
తాగడం మీరు చూశారు. ఆ తర్వాతది మా మంచం కింద నేను చూశాను.

మట్టెవాడ
ఒక్క మాట చెప్పి పోతా. టైగర్‌కి గోమార్ల మందు వీపు మీద వేస్తారా? పోయిన వేసవిలో మా కుక్కకు వేయగా మిగిలిన చుక్కలు పిల్లికి వేశాను. "కుక్కలకు మాత్రమే" అని ప్యాకెట్ మీద ఉంది, నేనే చదవలేదు. కొన్ని గంటల్లో ఒళ్లంతా వణుకు, తర్వాత ఫిట్స్. అందులో పెర్మెత్రిన్ ఉందట. కుక్క తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. డాక్టరు దగ్గరికి చేరేసరికి ఆలస్యమైంది. పారాసిటమాల్ కూడా పిల్లికి విషమే. పిల్లల జ్వరం సిరప్ దానికి పోయకండి.

పరకాల పెద్దన్న
అయ్యో బిడ్డా.

ఓరుగల్లు పంతులమ్మ
మా బాబుని పిల్లి రక్కితే మా అత్తయ్య పసుపు అద్దారు. అలా చేయకండి. సబ్బు పెట్టి, పారే నీళ్ల కింద పావుగంట కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. సర్కారు ఆసుపత్రుల్లో రేబీస్ టీకా ఉచితం. పిల్లికి మూడు నెలలు నిండాయి కదా, దానికీ వేయించేయండి. మూడేళ్ల పాపకు నీతులు చెప్పి లాభం లేదు. పిల్లికే పారిపోయే చోటు చూపించండి. మేము బీరువా మీద పాత దిండు వేశాం, రక్కడం చాలా తగ్గింది.

భద్రకాళి గట్టు
ఇంతకీ ఏ రంగు? ఫోటో పెట్టండి మేడమ్. నల్లదైతే మా అమ్మ గడప దాటనివ్వదు.

సుబేదారి అమ్మ
పసుపు చారలది. ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. తలుపు దగ్గర గిన్నెల పద్ధతి పనిచేసింది, కాజీపేట అన్నకు థ్యాంక్స్. టైగర్ ఇప్పుడు ఫ్రిజ్ కింద పడుకుంటాడు, అది ఫ్రిజ్ మీద. గోమార్ల మందు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. చిలుక గురించి అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేద్దామని మా వారు అన్నప్పటి నుంచి అత్తమ్మ ఆయనతో మాట్లాడట్లేదు. నాటుకోడి గారూ, టెన్షన్ మాకు మీరు పెట్టిందే. రాత్రి రెండింటి అరుపుల సంగతి మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు!

మార్జాల గురు
పడుకునే ముందు పావుగంట దారంతో ఉరికించి, ఆ తర్వాతే తిండి పెట్టండి. కడుపు నిండితే పడుకుంటుంది. దారం మాత్రం తీసి దాచండి, మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది.

పరకాల పెద్దన్న
బిడ్డా, ఆ చిలుక ఏమేం మాట్లాడుతుంది?